వర్గోత్తమం కోసం ఆపిన పావుగంట

నేను రిటైరయ్యానంటే మా వీధిలో చాలామంది నవ్వుతారు. సిద్ధాంతికి రిటైర్మెంటేమిటి, ఓపికున్నన్నాళ్ళూ చెప్పుకోవచ్చుగా అంటారు. నిజమే. మా వృత్తిలో చూపు మందగించినా, జుట్టు నెరిసినా నష్టం లేదు, పైగా గౌరవం పెరుగుతుంది. చెప్పింది తప్పినా ఫరవాలేదు, ఎందుకు తప్పిందో కూడా మనమే చెబుతాం. ఇంత భద్రత ఉన్న ఉద్యోగం ప్రభుత్వంలో కూడా లేదు. అలాంటిదాన్ని ఎందుకు వదులుకున్నారని, ఫోన్లో యాప్ పెట్టుకుని పదహారు చక్రాలూ ఒక్క నొక్కుతో తెప్పించుకునే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈమధ్య వచ్చి అడిగారు. నోటితో చెబితే మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తానని భయమేసి రాస్తున్నాను.

నందిగామ బస్టాండుకి దగ్గర్లో ఒక మేడ మీద గది నాది. కింద డీటీపీ సెంటరు. మంగళ, శుక్రవారాలు మాత్రం జగ్గయ్యపేట వెళ్ళి మా గురువుగారి వరండాలో కూర్చునేవాణ్ణి. బోర్డు మీద నా పేరు కంటే 'షోడశవర్గ నిపుణులు' అన్న మాట పెద్దగా రాయించాను. దాని అర్థం ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ నమ్మేవారు.

మీకు తెలిసిన సంగతే అయినా తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రాశి అంటే ముప్ఫై డిగ్రీలు. దాన్ని తొమ్మిది భాగాలు చేస్తే నవాంశ, పది చేస్తే దశాంశ, అరవై చేస్తే షష్ట్యంశ. గ్రహానికి బలం ఉందో లేదో రాశి చక్రం ఒక్కటే చూసి తేల్చకూడదు, ఈ భాగాల్లో కూడా ఎక్కడ కూర్చుందో చూడాలి. రాశిలో ఉచ్చలో వెలిగిపోయే గ్రహం నవాంశకి వచ్చేసరికి నీచలో పడి ఉండొచ్చు. ఫ్లెక్సీ మీద చేతులు జోడించి నవ్విన అభ్యర్థికి లెక్కింపు రోజున డిపాజిట్ దక్కనట్టు. రాశిలోనూ నవాంశలోనూ ఒకే చోట ఉంటే దాన్ని వర్గోత్తమం అంటాం. అంటే ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకేలా మాట్లాడే మనిషన్నమాట. అరుదుగా దొరుకుతాడు.

ఇందులో చిక్కల్లా టైముతోనే. గ్రహాలు నెమ్మదిగానే నడుస్తాయి గానీ లగ్నం, అంటే తూర్పున ఉదయిస్తున్న రాశి, పరిగెడుతుంది. నవాంశ లగ్నం పదమూడు పద్నాలుగు నిమిషాలకోసారి మారిపోతుంది. షష్ట్యంశ అయితే రెండు నిమిషాలే. అందుకని నా దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ పుట్టిన టైము నిమిషంతో సహా అడిగేవాణ్ణి. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపుకుని బస్సెక్కి వచ్చిన డ్రైవరొకాయన "మా అమ్మ చెప్పిందండి, మేకల్ని తోలుకెళ్ళే యాళ" అన్నాడు. ఆయన్ని నేను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మేకలు రాశి చక్రానికి సరిపోతాయి గానీ షష్ట్యంశకి సరిపోవని చెప్పి పంపేశాను. పాపం ఆయన నిజమే చెప్పాడు. నిమిషంతో సహా చెప్పినవాళ్ళంతా ఏం చెప్పారో ఆ తరవాత తెలిసింది.

మా గురువుగారికి నా పద్ధతి నచ్చేది కాదు. ఆయన రాశి చూసేవారు, నవాంశ చూసేవారు, పుస్తకం మూసేసేవారు.

"రాశి చూడు, నవాంశ చూడు, ఆ తరవాత ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూడు. అరవై ముక్కలెందుకురా, కూరకా?" అనేవారు.

పెద్దాయనకి లెక్కలు రావులే అని నాలో నేను నవ్వుకునేవాణ్ణి. నాకు మాత్రం లెక్కలు వచ్చనుకున్నారా? అన్నీ కింద డీటీపీ సెంటరు భాయి కంప్యూటరే వేసేది. ఆయన వేల జాతకాలు ప్రింటు తీసినవాడు. ఏ చక్రంలో ఏ గ్రహం నేలచూపులు చూస్తుందో కాయితం బయటికి రాకముందే చెప్పగలడు. "టైము నేను కొడతానండి, చక్రం మిషన్ వేసుద్ది, మీరు చదువుతారు. ముగ్గుర్లో సిద్ధాంతి ఎవరండి?" అని అడిగేవాడు. అది వేళాకోళమో నిజంగా సందేహమో ఆయన మొహం చూసి పోల్చుకోవడం కష్టం.

సరే, అసలు విషయానికి వస్తాను.

మీకు తెలుసు, ఇప్పుడు కాన్పులకి కూడా ముహూర్తం పెట్టించుకుంటున్నారు. ఎట్టాగూ ఆపరేషన్ అన్నాక మంచి గడియలో చేయిస్తే పోలా అని. నా షోడశవర్గాలకి ఇంతకంటే పెద్ద పీట ఎవరు వేస్తారు? అప్పటిదాకా పుట్టినవాళ్ళ జాతకం చదవడమే. ఇక మీదట జాతకాన్ని నేనే తయారు చేసి, అందులోకి మనిషిని పుట్టించొచ్చు. బ్రహ్మగారు నాకు సబ్ కాంట్రాక్ట్ ఇచ్చినంత సంబరపడ్డాను.

ఒక వేసవిలో నందిగామలో పురుగుమందుల డీలరొకాయన వచ్చాడు. చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే రైతులందరికీ ఆయన మాటంటే గురి. ఆయనకి నా మాటంటే గురి. కోడలికి తొలి కాన్పు. బిడ్డ తల కిందికి తిరక్కుండా ఎదురుకాళ్ళతో ఉందనీ, ఆపరేషన్ తప్పదనీ, బుధవారం నుంచి శుక్రవారం లోపల ఎప్పుడైనా చేద్దామనీ డాక్టరమ్మ చెప్పిందట.

"మూడు రోజులు మీ చేతిలో పెట్టానండి. ఎట్టాంటి బిడ్డని ఇస్తారో మీ ఇష్టం" అన్నాడు.

ఆయన పక్కన కోడలు కూర్చుంది. చెవిటికల్లులో చిన్న రైతు కూతురు, చందర్లపాడు హైస్కూల్లో లెక్కల టీచరు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నేను చెప్పేదంతా క్లాసులో పిల్లాడి జవాబు విన్నట్టు విన్నది. చివరికి ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈలోపు నొప్పులొస్తే అండి?"

"రావమ్మా. శుక్రుడు చూసుకుంటాడు" అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. సిలబస్‌లో లేని జవాబు వచ్చినప్పుడు టీచర్లు మొహం ఎలా పెడతారో అలా పెట్టి ఊరుకుంది.

శుక్రుడి పేరు ఊరికే ఎత్తలేదు. ఆ మూడు రోజులూ శుక్రుడు మీనంలో ఉచ్చలో ఉన్నాడు, నవాంశలోనూ మీనమే. ఉచ్చలో వర్గోత్తమం! మిథున లగ్నం పెడితే ఆయన అక్కణ్ణుంచి లెక్కకి పదో ఇంట్లో, ఉద్యోగస్థానంలో ఉంటాడు. మిథునం చివరి పద్నాలుగు నిమిషాల్లో లగ్నం కూడా వర్గోత్తమం అవుతుంది. ఆ పద్నాలుగు నిమిషాల్లో దశాంశ బాగున్నవి, షష్ట్యంశ బాగున్నవి ఏరుకుంటూ పోతే చివరికి రెండు నిమిషాలు మిగిలాయి. గురువారం పగలు పదకొండు యాభై నాలుగు. నాలుగు రోజులు తిండి సరిగ్గా తినకుండా పట్టుకున్న ముహూర్తం అది. ఆ చక్రం ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను. పుట్టబోయే బిడ్డ ఫోటో కంటే ముందే జాతకానికి ఫ్రేము కట్టించే ఆలోచన కూడా చేశాను.

గురువారం రానే వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి డీలరు ఫోన్ చేశాడు.

"సిద్ధాంతిగారూ, అర్జెంటుగా హాస్పిటల్‌కి రండి. ఇక్కడ డాక్టరమ్మ తొందరపెట్టేస్తంది."

స్కూటరు మీద అయిదు నిమిషాల్లో వెళ్ళాను. చిన్న నర్సింగ్ హోమ్. వరండాలో డీలరు, ఆయన కొడుకు నిలబడి ఉన్నారు. కొడుకు చేతిలో ఫోను, ఫోన్లో ఏమీ లేదు, అయినా దానివంకే చూస్తున్నాడు. వాళ్ళెదురుగా డాక్టరమ్మ, ఒక చేత్తో ఫైలు పట్టుకుని. పక్కన తలుపు తీసే ఉంది. లోపల స్ట్రెచర్ మీద కోడలు, ఆమె తల దగ్గర పెద్ద నర్సు.

ఇంట్లో ఎనిమిదిన్నరకి ఉమ్మనీరు పోయిందట. శుక్రుడు చూసుకోలేదు.

"మీరేనా ఆయన?" అంది డాక్టరమ్మ నన్ను చూసి. "మీరైనా చెప్పండి వీళ్ళకి. కాళ్ళు కిందకున్నాయి. నీళ్ళు పోయాయి. బొడ్డుతాడు ముందుకి జారి నొక్కుకుపోయిందంటే బిడ్డకి ఊపిరందదు. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళాలి. ఈయన సంతకం పెట్టకుండా పదకొండు యాభై నాలుగంటున్నారు."

"పెట్టనని కాదండి. మూడు గంటలు కూడా కాదుగా, కాస్త ఆగమంటన్నా" అన్నాడు డీలరు. తరవాత నావైపు తిరిగాడు. "మీరు ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు. చెప్పండి."

కుర్రాళ్ళూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. ఆ వరండాలో నేను చెప్పాల్సింది ఒక్క మాట. 'పెట్టెయ్యండి' అంటే ఆయన పెట్టేసేవాడు. నాకు శాస్త్రం అడ్డం రాలేదు. ఆపత్కాలంలో ముహూర్తం చూడక్కరలేదని చిన్నప్పుడే చదువుకున్నాను. నాకు అడ్డం వచ్చింది నా గోడ మీద అంటించిన కాయితం. అంత అందమైన చక్రం వృథా పోతుందే అని నిజంగా, సిగ్గులేకుండా, బాధపడ్డాను.

జేబులోంచి చీటీ తీశాను.

"ఇప్పుడు వృషభ లగ్నం నడుస్తోందండి. లోపలికెళ్ళి బిడ్డని తీసేసరికి నవాంశ సింహంలోకి వస్తుంది. అప్పుడు శుక్రుడు ఎనిమిదో ఇంట్లో పడతాడు. ఎనిమిదంటే మంచిది కాదు. పదకొండు యాభై నాలుగు దాకా వద్దులెండి. తొమ్మిది యాభై రెండుకి మిథునం వచ్చేస్తుంది. అదొక్కటీ దాటితే..."

"ఎనిమిదో ఇల్లేంటండి?" అంది డాక్టరమ్మ. "నేను ఒక్క ఇంటి గురించే మాట్లాడతన్నా. అది ఆ అమ్మాయి కడుపు."

"అరగంటే కదండి" అన్నాను. "అరగంటలో ఏం కాదు."

ఆ మాట నాదే. ఏ గ్రంథంలోనూ లేదు. దాని మీద డీలరు "చూశారా, సిద్ధాంతిగారే అంటన్నారు" అన్నాడు. డాక్టరమ్మ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఆయన మళ్ళీ నావైపు చూశాడు. నేను మళ్ళీ చీటీ వైపు చూశాను. ఇలా పావుగంట గడిచింది.

లోపల్నుంచి కోడలి గొంతు వినబడింది. గట్టిగా ఏం లేదు. నల్లబల్ల దగ్గర నిలబడి చివరి బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతు.

"సిస్టర్, ఆ కాయితం ఇటివ్వండి."

"అమ్మాయ్, తొందరపడమాక" అన్నాడు డీలరు తలుపు దగ్గరికి వెళ్ళి.

"మావయ్యగారూ, కడుపు నాదండి. పెన్ను ఎవరిదగ్గరుంది?"

నర్సు డాక్టరమ్మ చేతిలోని ఫైలు తీసుకెళ్ళి, తన జేబులోని పెన్నుతో సహా ఇచ్చింది. ఆ అమ్మాయి పడుకునే, ఫైలు పైకెత్తి పట్టుకుని సంతకం పెట్టింది. మా ఊళ్ళల్లో ఇలాంటి కాయితం ఇంటి పెద్ద చేతికివ్వడం ఆనవాయితీ గనక డాక్టరమ్మ ముందు అక్కడికి వెళ్ళిందే గానీ, పేషెంటు సంతకం చాలట. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. డీలరుకీ అప్పుడే తెలిసినట్టుంది.

స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి. తరవాత చాలాసేపు ఏమీ వినబడలేదు. కాన్పు వార్డు బయట ఏమీ వినబడకపోవడమంటే ఏమిటో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కరలేదు. డీలరు నన్ను టైమెంత అని అడిగాడు. చెప్పాను. ఎందుకడిగాడో, ఎందుకు చెప్పానో ఇద్దరికీ తెలియదు.

కాసేపటికి నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డని పట్టుకుని ఎదుటి గదిలోకి పరుగెత్తింది. బిడ్డ నీలంగా ఉంది. ఏడవడం లేదు. ఆ తరవాత అంబులెన్స్ పిలిచారు, అది వచ్చేసరికి పదకొండు దాటింది. విజయవాడ తీసుకెళ్ళాలన్నారు. కొడుకు అంబులెన్స్‌లో ఎక్కాడు.

డాక్టరమ్మ బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ డీలరుతో చెప్పింది. "ఆడపిల్ల. బొడ్డుతాడు జారింది. నొక్కుకుపోయింది. ఊపిరి తెప్పించాం, గట్టిగానే ఉంది గుండె. విజయవాడలో వాళ్ళు చూస్తారు. తల్లి బాగానే ఉంది." నన్ను దాటి వెళ్ళబోతూ ఆగింది. "ఇంకో పది నిమిషాలు ఆగుంటే మీ శుక్రుడికి పని తప్పేదండి, ఏ ఇంట్లో ఉన్నా."

నేను మేడ మీద నా గదికి వచ్చి కూర్చున్నాను. పదకొండు యాభై నాలుగు అయింది. శుక్రుడు వర్గోత్తమం, లగ్నం వర్గోత్తమం, దశాంశ బ్రహ్మాండం. ఆ దివ్యమైన రెండు నిమిషాలూ నందిగామ మీదుగా ఎవరికీ అక్కరకి రాకుండా వెళ్ళిపోయాయి. కింద బస్టాండులో చందర్లపాడు బస్సు హారన్ కొడుతోంది. గోడ మీద కాయితం చించబోయి, చించితే ఎవరైనా కారణం అడుగుతారని అలాగే వదిలేశాను. అంత ధైర్యవంతుణ్ణి.

పదకొండు రోజులు బిడ్డ విజయవాడలో అద్దాల పెట్టెలో ఉంది. నేను రోజూ డీలరుకి ఫోన్ చేద్దామనుకుని, రోజూ ఏదో ఒక దుర్ముహూర్తం చూపించుకుని మానేశాను. పన్నెండో రోజు ఇంటికి తెచ్చారని భాయి చెప్పాడు. గమ్మత్తేమిటంటే, ఆ మర్నాడే డీలరు నా గదిలో ఉన్నాడు. కోపంతో వచ్చాడేమో అని లేచి నిలబడ్డాను.

"పాప జాతకం రాయాలండి" అన్నాడు. "పదకొండు యాభై నాలుక్కి రాయండి."

"అప్పుడు పుట్టలేదు కదండి."

"మనం అనుకుంది అదేగా? ఆ అమ్మాయి తొందరపడి సంతకం పెట్టబట్టిగానీ లేకపోతే అప్పుడే పుట్టేది. రేపు నలుగురికీ చూపించాల్సింది మంచి జాతకమే కదండి."

ఆయన్ని తప్పుపట్టను. ఆ మాట ఆయనకి నేర్పింది నేనే. నేనేమన్నానో తెలుసా? 'చూద్దాం' అన్నాను. ఆ రోజు 'కాదు' అనడానికి కూడా నాకు మంచి లగ్నం దొరకలేదు.

కిందకి దిగి భాయికి తారీకు చెప్పి, టైము పదకొండు యాభై నాలుగు కొట్టమన్నాను. ఆయన కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు.

"ఆ పాపేనా అండి, డీలరుగారి మనవరాలు?"

"అవును."

"మా అక్క కొడుకే ఆ రోజు అంబులెన్స్ తోలింది. పదకొండు యాభై నాలుక్కి ఆ పాప ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఉందండి. వాడు సైరన్ వేసి కిటికీలోంచి చెయ్యి ఊపుతా దారి అడుగుతున్నాడు." చేతులు మళ్ళీ కీబోర్డు మీద పెట్టాడు. "కొట్టమంటారా?"

వద్దన్నాను. అసలు టైము కనుక్కుని వస్తానని చెప్పి నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాను.

పెద్ద నర్సు నన్ను గుర్తుపట్టింది. ఆవిడ ఆ ఆసుపత్రిలోనూ అంతకు ముందు ఇంకోచోటా కలిపి పాతికేళ్ళుగా కాన్పులు చూస్తోంది. మెళ్ళో చిన్న శిలువ, చేతికి గడియారం లేదు. చేతులు ఎప్పుడూ కడుక్కోవాలి కాబట్టి పెట్టుకోదట.

"తొమ్మిది ముప్ఫై ఆరండి" అంది రిజిస్టరు చూసి.

"బిడ్డ బయటికి వచ్చిన టైమా, బొడ్డు కోసిన టైమా, ఏడ్చిన టైమా?" అని అడిగాను. వృత్తిపరమైన ప్రశ్న. ఇదివరకు మా వాళ్ళు దీనిమీద పెద్ద వాదనలే చేసుకున్నారు.

"నేను చేతులు ఖాళీ అయ్యాక గోడ గడియారం చూసి, ఓ అయిదు నిమిషాలు తీసేసి రాసిన టైమండి. బిడ్డ ఏడవట్లా. అప్పుడు నేను బిడ్డని చూడాలా, గోడ చూడాలా?"

నేను రిజిస్టరు మీదికి వంగి ఆ అంకె మళ్ళీ చూశాను.

"పోనీ ఆ గోడ గడియారమన్నా కరెక్టా అంటే, నా ఫోన్‌కీ దానికీ నాలుగు నిమిషాలు తేడా. ఫోన్ ప్రకారం తొమ్మిది నలభై. బ్యాటరీ అయిపోవస్తే ఇంకా వెనకబడుద్ది. మీకు ఏ టైం కావాలో అది రాసుకోండి."

"అందరికీ ఇట్లాగే రాస్తారా అమ్మా?"

"ఇట్టా కాక ఎట్టా రాస్తారండి?"

తొమ్మిది ముప్ఫై ఆరయితే నవాంశ సింహం, శుక్రుడు ఎనిమిదో ఇంట్లో. తొమ్మిది నలభయ్యయితే నవాంశ కన్య, అదే శుక్రుడు ఏడో ఇంట్లో ఉచ్చలో, వైభోగంగా. ఆ పిల్ల దాంపత్యం మొత్తం ఒక పెన్సిల్ బ్యాటరీ మీద ఆధారపడి ఉందన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా నేను రెండు నిమిషాల షష్ట్యంశలు చెప్పి పంపిన జనమంతా ఒక్కసారిగా కళ్ళముందు లైను కట్టారు. వాళ్ళందరి పుట్టిన టైములూ ఇలా చేతులు ఖాళీ అయ్యాక ఎవరో రాసినవే.

శుక్రవారం జగ్గయ్యపేట వెళ్ళి గురువుగారి ముందు చక్రం పెట్టాను. జరిగింది చెప్పాను. ఆయన నవాంశ కూడా చూడలేదు.

"లగ్నం ఏంటి?"

"వృషభం."

"వృషభానికి అధిపతి ఎవడు?"

"శుక్రుడండి."

"లగ్నాధిపతి ఉచ్చలో, పదకొండో ఇంట్లో, వర్గోత్తమంలో. మూడు రోజులపాటు పొద్దున్న పూట వృషభంలో పుట్టిన ఏ పిల్లకైనా ఇదే ఉంది. రెండు గంటల్లో శుక్రుడు ఎక్కడికి పోతాడ్రా? నువ్వు ఆపింది దేన్ని?"

"నవాంశలో ఎనిమిదో ఇల్లని..."

"నువ్వు అడ్డం పడకుండా ఉంటే ఎన్నింటికి పుట్టేది?"

లెక్క వేశాను. రిజిస్టరు టైముకి పావుగంట ముందు. అప్పుడు నవాంశ కర్కాటకం. శుక్రుడు తొమ్మిదో ఇంట్లో ఉచ్చ. భాగ్యస్థానం. నేను తప్పించాలని తాపత్రయపడిన ఎనిమిదో ఇంట్లోకి శుక్రుణ్ణి తోసింది నా పావుగంటే. గురువుగారు కాఫీ తెప్పించారు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు నెలలు పోయాయి. డీలరు మళ్ళీ రాలేదు. వేరే ఆయన ఎవరో పదకొండు యాభై నాలుగుకి బంగారు అక్షరాలతో జాతకం రాసిచ్చారని విన్నాను. ఒక రోజు మధ్యాహ్నం ఆ కోడలు ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. కూర్చోమన్నాను. గోడవైపు చూసింది. కాయితం ఇంకా అక్కడే ఉంది.

"పాప ఎలా ఉందమ్మా?"

"బానే ఉందండి. డాక్టర్లు నెలనెలా చూస్తున్నారు, అన్నీ వయసుకు తగ్గట్టే చేస్తంది." చున్నీ అంచు సర్దుకుంది. "మీతో ఒక పనుండి వచ్చా. పాపకి జలుబు చేస్తే నా సంతకం. పాలు కక్కితే నా సంతకం. మొన్న షాపులో సరుకు తడిసింది, అది కూడా. రెండు గంటలు ఓపిక పట్టలేక పిల్ల జాతకం పాడుచేశానని వచ్చినోళ్ళందరికీ చెబుతున్నారు. ఆ రోజు అరగంటలో ఏం కాదన్నారే, అది శాస్త్రమా, మీ మాటా?"

"నా మాటేనమ్మా."

"అది మా ఇంటికొచ్చి చెప్పండి."

సాయంత్రం వెళ్ళాను. డీలరు మర్యాదగా కుర్చీ వేశాడు. భార్య, కొడుకు కూడా వచ్చి నిలబడ్డారు. కోడలు పాపని ఎత్తుకుని తలుపుకి ఆనుకుంది. మీ కోడలు చేసింది మంచి పనేనని మొదలుపెట్టాను. డీలరు అడ్డం వచ్చాడు.

"మరి ఎనిమిదో ఇంట్లో శుక్రుడని మీరే అన్నారుగా?"

అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. నర్సు ఫోను టైము ప్రకారం శుక్రుడు ఏడో ఇంట్లోకే వస్తాడనీ, పైగా లగ్నాధిపతి అనీ, ఉచ్చలో వర్గోత్తమమనీ చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాను. డీలరు మొహం విప్పారుతోంది. నా గొంతు కూడా పాతరోజుల్లోలా గుండ్రంగా వస్తోంది. ఇంకో అయిదు నిమిషాలు అలాగే నడిస్తే అందరం సంతోషంగా కాఫీ తాగేవాళ్ళం.

"సిద్ధాంతిగారూ" అంది కోడలు. "నేను పిలిచింది శుక్రుడి గురించి కాదండి."

ఆగిపోయాను.

"ఆ రోజు ఆగమన్నది నేనండి" అన్నాను. "డాక్టరుగారు వద్దంటున్నా అరగంటలో ఏం కాదన్నాను. నాకు తెలిసి అన్న మాట కాదు. ఆ పావుగంట వల్లే పాపకి ఊపిరందలేదు. మీ కోడలు సంతకం పెట్టకపోతే ఇవాళ ఎత్తుకోడానికి పాప ఉండేది కాదు."

డీలరు నావైపు వంగాడు. "అంటే, అరగంట ఆగితే ఏమవుద్దో మీకు తెలియదా?"

"తెలియదండి."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ మాట అనడం అదే మొదలు. చాలా చిన్న మాట, పలకడానికి అంత కష్టమేం కాదు. ఆ తరవాత వారం తిరక్కుండా అది ఊరంతా పాకింది. తెలియదనే సిద్ధాంతి దగ్గరికి ఎవరొస్తారు? రెండు నెలల్లో గది ఖాళీ చేసేశాను. నేను చెబుతున్న రిటైర్మెంట్ అదే. బోర్డు తీసేటప్పుడు భాయి నిచ్చెన పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంకొక్కటి జరిగింది. డీలరు గొంతు సవరించుకుని, నావైపు చూడకుండా అన్నాడు.

"సరే, అయిందేదో అయింది. పాపకి ఏ అక్షరంతో పేరు పెట్టాలో అదన్నా చెప్పండి. అదెటూ నక్షత్రాన్ని బట్టేగా."

నేను నోరు తెరిచేలోపే కోడలు అంది.

"పేరు పెట్టేశా మావయ్యగారూ. బర్త్ సర్టిఫికెట్‌లో ఎక్కించేశా. ఆధార్‌కి కూడా ఇచ్చేశా."

డీలరు కొడుకు వైపు చూశాడు. కొడుకు ఫోను వైపు చూశాడు. సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు అతనూ పక్కనే ఉన్నాడని అతని మొహమే చెప్పింది.

"ఏం పేరమ్మా?" అన్నాను.

చెప్పింది. చక్కటి పేరు. ఇక్కడ రాయను.

బాగుందమ్మా అని చెప్పి లేచి, చెప్పులు వేసుకుని, స్కూటరు తీశాను. ఆ పేరు మొదటి అక్షరం ఏ నక్షత్రానిది, ఏ పాదానిది, పాప నక్షత్రానికి అది కుదురుతుందా లేదా అని లోపల లెక్క దానంతటదే మొదలైంది. ఆపుదామని చాలా ప్రయత్నించాను. ఇంటి మలుపు తిరిగేసరికి జవాబు కూడా వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.